తడారని దుప్పటి

మా ఊరు గూజాన్‌ని టర్కీ సైనికులు తగలబెట్టి రెండేళ్లయింది. దియార్‌బకీర్ నగరపు కోటగోడ లోపల, ఒక ఇరుకు సందులో నేనూ మా అత్త హజాలూ ఒంటి గదిలో ఉంటున్నాం. పాత దుప్పటి ఒకటి పరిచి దాని మీద ఆ ఊరిని గీయడం మొదలుపెట్టాను. మా ఊరి ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చెప్పేవారు.

"మా తలుపు నీలం," అంది షెరీఫా.

"మా పెరట్లో అక్రోటు చెట్లు రెండు. ఒకటే వేశావేంటి?"

చెప్పినట్టల్లా వేశాను. పైన ఊరి పేరు మా కుర్దు భాషలోనే రాశాను. అది రాసినందుకే జైల్లో వేసే రోజులవి.

ఆ మధ్యాహ్నం సందు మొదట్లో బూట్ల చప్పుడైంది.

"పొయ్యిలో పడెయ్ పిల్లా," అంది అత్త.

నాకు చేతులు రాలేదు. రంగు ఇంకా తడిగానే ఉంది. మడిచి పరుపు కిందికి తోశాను. అంతలోకే తలుపు తోసుకుని ముగ్గురు సైనికులు వచ్చారు. ఇద్దరు పిండి డబ్బా బోర్లించారు. ఆఫీసరు నా గోళ్ల వంక చూశాడు.

"ఏంటీ రంగు?"

"బొమ్మలు వేస్తానండీ. పూలూ అవీ."

"అయితే నన్ను వెయ్యి," అని వెళ్లి పరుపు మీద కూర్చున్నాడు.

కాగితం, పెన్సిలు తీసుకుని గీయడం మొదలుపెట్టాను. పరుపు అంచున ఎర్రటి మరక ఊరుతోంది. టర్కీ మాట ఒక్కటీ రాని మా అత్త టీ తెచ్చిచ్చి, తన పావడా ఆ మరక మీద పడేలా అతని కాళ్ల దగ్గర చతికిలబడింది.

"ఈ ముసల్ది ఇలా అతుక్కుందేంటి?"

"చెవుడండీ. మీ మాట వినపడాలని."

అతను నవ్వాడు. నేను గీత ఆపకుండా బొమ్మ పూర్తిచేసి అతని చేతికిచ్చాను.

బొమ్మ చూసుకుని, "ముసలాణ్ణి చేశావే," అన్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు. "శుక్రవారం మళ్లీ వస్తా. మా ఆవిడ ఫోటో తెస్తాను."

వాళ్లు వెళ్లాక దుప్పటి తీసి చూస్తే కింది వరసలో ఏడిళ్లు ఒకదాన్లో ఒకటి కలిసిపోయాయి. మా ఇల్లూ అందులోనే ఉంది.

"కాల్చేద్దాం అత్తా. నావల్ల కాదు."

అత్త గడియ వేసి దుప్పటి నేల మీద పరిచింది. "శుక్రవారానికి నాలుగు రోజులుంది. ముందు షెరీఫా వాళ్లిల్లు వెయ్యి. ఆ ఇంటి ఫోటో కూడా దానికి మిగల్లేదు."

ఏడిళ్లూ మళ్లీ వేశాను. గురువారం అత్త ఆ దుప్పటిని బొంతలో పెట్టి కుట్టేసి షెరీఫా ఇంటికి మోసుకెళ్లింది.

శుక్రవారం అతను రాలేదు. ఆ తర్వాతా రాలేదు. అయినా శుక్రవారం వచ్చిందంటే, పొద్దు వాలేదాకా నాకు ముద్ద దిగదు.