అనుసుత్తి

మా ఆయన గ్రానైట్ షోరూములో సేల్స్ మేనేజరు. రాళ్లను పొగిడి అమ్మే మనిషికి పిల్లల చదువు గురించి తెలియనిదేముంటుంది! కొత్త మాట పైకి అంటేనే బుర్రకెక్కుతుందని ఎక్కడో విన్నారట. అంతే, మా బుజ్జికి స్కూలు సీటు కోసం ఇంటర్వ్యూ అనగానే బొమ్మల అట్టలు పట్టుకుని హాల్లో బైఠాయించారు.

"అను, సుత్తి! అను, పటకారు! నోరు తెరిచి అను!"

నాలుగేళ్ల పిల్ల. నోరు తిప్పుకోవడానికే దాని తిప్పలన్నీ సరిపోయేవి, ఇక చెవిన పడేదేముంది?

"ముందు దాన్ని విననివ్వండి" అన్నాను.

"నీకేం తెలుసు?" అన్నారు. పెళ్లైన దగ్గర్నుంచీ ఆయన తడుముకోకుండా అనే మాట అదొక్కటే.

వంటింట్లో మా అత్తయ్యది వేరే పాఠం. ఆవిడకు రక్తపరీక్షల ల్యాబ్‌లో కొత్తగా రిసెప్షన్ పని దొరికింది. చిక్కుళ్లు ఒలుస్తూ పరీక్షల పేర్లన్నీ, ఏది దేనికో కూడా, పైకి అనుకునేది. "క్రియాటినిన్... బిలిరుబిన్..."

"ఈ వయసులో నీకేం ఎక్కుతాయమ్మా? ఊరికే గోల!" అని కసిరేవారు ఈయన. ఆవిడకేమో వారం తిరక్కుండా అన్నీ వచ్చేశాయి. బుజ్జి హాల్లోంచి తప్పించుకొచ్చి ఆవిడ పక్కన కిక్కురుమనకుండా కూర్చునేది.

ఇంటర్వ్యూలో హెడ్మిస్ట్రెస్ సుత్తి బొమ్మ చూపించారు. "ఇదేంటమ్మా?"

"అనుసుత్తి."

"మరి ఇది?"

"అనుపటకారు."

పిల్ల తప్పేం లేదు, నేర్పిందే చెప్పింది. తన గొంతు తప్ప ఇంకేదీ వినిపించని మహానుభావుడు ఇన్నాళ్లూ అది పట్టుకోలేదు. పైగా "సరిగ్గా అను!" అని ఉరిమారు.

"సరిగ్గా అను" అంది బుజ్జి.

సీటు పోయినట్టే అనుకున్నాను. నాకు ఏడుపొక్కటే తక్కువ. హెడ్మిస్ట్రెస్ అట్టలు పక్కన పెట్టేశారు.

"పోనీ, నీకిష్టమైన మాట ఏదైనా చెప్పు."

"బిలిరుబిన్."

"అంటే?"

"పచ్చకామెర్లొస్తే చూస్తారు. మా నానమ్మ చెప్తుంది."

హెడ్మిస్ట్రెస్ పగలబడి నవ్వారు. "పాపని పంపించండి" అని మా ఆయన వైపు తిరిగి, "మీరు మాత్రం గేటు దగ్గరే ఆగిపోండి" అన్నారు.

ఆయనకు సిగ్గేముంది? బస్సెక్కగానే మొదలు. "చూశావా, నేను పైకి అనిపించబట్టే సీటొచ్చింది!"

"పైకి అనడం పెద్దవాళ్లకే బాగా పనిచేస్తుందండీ, అత్తయ్యని చూశాంగా. ఏదీ, మీరూ అనండి, 'తప్పు నాదే' అని."

ఆయన కిటికీలోంచి బయటికి చూడసాగారు.

నా ఒళ్లోంచి బుజ్జి లేచి ఆయన గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"అను, నాన్నా! నోరు తెరిచి అను!"