తనూజ జీపుకు కొత్త కమాన్లు

వేంపల్లె దగ్గరి చీనీతోటలో రేకుల షెడ్డు ముందు తనూజ జీపు తోకెత్తిన తేలులా నిలబడి ఉంది. వెనక బరువు మోసే పాత కమాన్ కట్టలు, ఆ స్ప్రింగు పట్టీలు, తీసేసి ఆ ఉదయమే కొత్తవి బిగించారు. వాటితోపాటు వేసిన, ఊపును ఆపే షాకులకు గట్టిదనం తగ్గించి పెంచుకునే మరలు కూడా ఉన్నాయి. ఆదివారం పత్తికొండ అవతలి గుట్టల్లో జీపుల పోటీ. తనూజ పేరివ్వడం ఇదే మొదటిసారి. రాత్రి నిద్ర కూడా సరిగా పట్టలేదు.

మెకానిక్ ఓబులేసును పక్కన కూర్చోబెట్టుకుని, తోటను ఆనుకుని ఉన్న ఎండిన వంకలోకి జీపు దించింది. మొదటి గుండురాయి ఎక్కి దిగగానే వెనక భాగం ఎగిరి తన్నింది. ఓబులేసు తల పైకడ్డీకి తగిలింది.

"పాతవే మేలు గదమ్మా," అన్నాడతను తల రుద్దుకుంటూ.

తనూజ దిగి షాకుల మరలు వదులు చేసింది. మళ్ళీ అదే గుండు, అదే తన్ను.

ఈసారి ఆమె జీపును షెడ్డు దగ్గరికి తెచ్చి, దాని కిందికి దూరి పడుకుంది. "అన్నా, వెనక బంపరెక్కి ఊగు."

ఓబులేసు ఊగాడు. కమాన్లు కదలడం లేదు. వాటి చివర్లలోని రబ్బరు బుష్షులు మెలిపడి బిగుసుకుపోయి ఉన్నాయి.

"అన్నా, ఈ బుష్షుల బోల్టులు జీపు జాకీల మీద ఉన్నప్పుడే బిగించేసినాం గదా?"

"అవునమ్మా."

"అదే తప్పు. కమాన్లు గాల్లో యాలాడతాన్నప్పుడే రబ్బర్లు పట్టుకున్యాయి. నేల మీద బరువు పడినా వదల్లేదు."

ఓబులేసు కూడా వంగి చూశాడు. "నిజమే. నాకూ తట్టల్యా."

బోల్టులు వదులు చేయగానే జీపు కిర్రుమంటూ నాలుగు వేళ్ళ మేర కిందికి దిగింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు.

ఇక పోటీ రోజు ఎంత బరువుంటుందో అంత బరువు పెట్టి బిగించాలి. వెనక స్టెప్నీ, పనిముట్లు పెట్టారు. డ్రైవరు సీట్లో తనూజకు బదులు చీనీకాయల మూట ఎక్కించారు. అంతలో మజ్జిగ చెంబుతో తనూజ తల్లి కృష్ణవేణమ్మ వచ్చింది.

"మా, కొంచేపు ఆ పక్క సీట్లో కూర్చో."

"నన్నూ మూటల్లో కలిపినావా?" అంటూనే ఆమె ఎక్కి కూర్చుంది.

బోల్టులన్నీ బిగించడం అయ్యాక కూడా ఆమె దిగలేదు. "ఇంతసేపు కూర్చోబెట్టినావు గదా, ఒక తిప్పు తిప్పు."

మూట దించి తనూజ స్టీరింగు ముందు కూర్చుంది. ఓబులేసు వెనక ఎక్కాడు. వంకలో అదే గుండు వచ్చింది. కింద చక్రాలు ఎక్కి దిగాయి గానీ పైన కుదుపు పెద్దగా తెలియలేదు.

"పడవ మాదిరి ఊగుతాండాది," అంది కృష్ణవేణమ్మ.

తనూజ జీపాపి షాకుల మరలు కొంచెం బిగించింది. ఊగడం తగ్గింది. ఇక ఆగలేక వంక పక్కనున్న గుట్ట వైపు తిప్పింది. రాళ్ళు, రేగుకంపలు, ఎర్రదుమ్ము. ఒక వెనక చక్రం గోతిలోకి దిగితే రెండోది బండను పట్టుకుంది. ఎక్కడా జారకుండా జీపు కొసకెక్కి నిలిచింది.

తనూజ ఇంజను ఆపింది. తల్లి ముడి ఊడిపోయి జుట్టు మొహం మీద పడుతోంది.

"నడుమెట్లుండాది మా?"

"నడుము సంగతి ఇంటికి పోయినాక చూద్దాం. ఆయితారం నీ పక్కన ఎవరు కూర్చునేది?"

"నేనే పెద్దమ్మా," అన్నాడు ఓబులేసు వెనక నుంచి.

"నువ్వు వేరే బండిలో రాప్పా," అంది కృష్ణవేణమ్మ, కొంగు నడుముకు బిగించుకుంటూ.