దర్జీల సంఘం హాల్లో హార్డ్‌కోర్ పంక్

మా మనవరాలు పాడుతుందంటే ఎవరూ నమ్మరు. మొదటిసారి మా ఇంట్లో గొంతు విప్పినప్పుడు నా కుట్టుమిషను ఎవరూ తొక్కకుండానే జానెడు బట్ట కుట్టేసింది. ఎదురింటి కుక్క ఆ రోజునుంచి మొరగడం మానేసింది. ఇంక తనెందుకు అనుకుందో ఏమో! ఆ పాటల్ని హార్డ్‌కోర్ పంక్ అంటారట. మొదలైందని తెలిసేలోగా పాట అయిపోతుంది. కచేరీల్లో కునుకు తీసే అలవాటున్న నాకు అదొక్కటే ఇబ్బంది.

పాపం, వాళ్ల బృందానికి పాడుకునే చోటు దొరకలేదు. ఎక్కడికి వెళ్లినా ముందు జుట్టు చూశారు, తర్వాత చిరిగిన ప్యాంట్లు చూశారు, ఆ తర్వాత తలుపేసుకున్నారు. ఇక మిగిలింది మా దర్జీల సంఘం హాలు ఒక్కటే.

"అదీ ఇవ్వకపోతే ఎవరి దారి వాళ్లదే తాతా. బృందం ఉండదు" అంది. ఆ పిల్ల గొంతు అంత చిన్నగా రావడం నేనెప్పుడూ వినలేదు. వెంటనే మా సంఘం ప్రెసిడెంటు దగ్గరికి తీసుకెళ్లాను.

ప్రెసిడెంటు కోట్లు కుట్టడంలో మొనగాడు. ఎండైనా వానైనా ఒంటిమీది కోటు విప్పడు. స్నానం సంగతి వాళ్లావిణ్ణే అడగాలి. ఆయన చూపు మనవరాలి చేతిమీద నల్ల సిరాతో గీసుకున్న గుర్తు మీద పడింది.

"ఏమయ్యా, ఆ గుణకారం గుర్తేమిటి?"

"మీకు తెలీదా? ముఠా గుర్తు. అదున్నవాళ్లు ఒక్కొక్కరు పదిమంది పెట్టు" అన్నాను.

"తాతా!" మనవరాలు నా మోచెయ్యి గిల్లింది. "కాదండీ. మేం మందు ముట్టమని చెప్పుకునే గుర్తది."

ప్రెసిడెంటు నా మాట నమ్మాడుగాని దాని మాట నమ్మలేదు.

"ఒకళ్లనొకళ్లు కుమ్ముకుంటారటగా?"

"డాన్సండీ అది."

"రక్తం కారేదాకానా?"

"ఎప్పుడైనా ముక్కుకి మోచెయ్యి తగిలితే, కొంచెం..."

ఇంత నిజాయితీ ఈ పిల్లకి ఎవరు నేర్పారో తెలీదు. నేనైతే కాదు.

చాలాసేపు బతిమాలాక, ఆదివారం మధ్యాహ్నం ఒక్కసారికి ఒప్పుకున్నాడు. "నేనూ ఉంటాను. చిన్న గొడవ జరిగినా సరే, మళ్లీ ఈ మెట్లెక్కేది లేదు" అని తేల్చేశాడు.

ఆదివారం ప్రెసిడెంటు తోడుగా కాలర్ల బాబాయిని తెచ్చుకున్నాడు. చొక్కా కాలరు కుట్టడంలో ఆయన్ని మించినవాడు లేడని ఆయనే చెబుతుంటాడు. ప్రెసిడెంటు కోటు లోపల ఏదో ఎత్తుగా కనిపించింది. చూస్తే మందు సీసా!

"తాగడానికి ఇవ్వకపోతే హాలు పీకి పందిరేస్తారట. ముందే చేతిలో పెడితే ఊరుకుంటారు" అన్నాడు నా చెవిలో.

పిల్లలు వచ్చారు. వాళ్లే కుర్చీలు మోసి గోడవారగా పేర్చారు. డ్రమ్ములు వాయించే కుర్రాడి ముక్కుకి ఇంత రింగు. ప్రెసిడెంటు దూరంగా నిలబడే సీసా చాచాడు.

"వద్దు తాతగారూ, మీరు కానివ్వండి. నీళ్లు తెమ్మంటారా?" అన్నాడు వాడు.

పారబోస్తే నేల పాడవుతుందని మేం ముగ్గురం సీసాతో మూలకి చేరాం. నేను రుచి మాత్రమే చూశాను. రుచి తెలియడానికి కాస్త సమయం పట్టింది.

పాట మొదలైంది. కిటికీ అద్దాలు పళ్లు కొరికాయి. మనవరాలు అరుస్తుంటే పిల్లలంతా గిర్రున తిరుగుతూ, భుజాలతో ఢీకొంటూ, గాల్లోకి తంతున్నారు. మధ్యలో ఒకడు దభీమని పడ్డాడు. తొక్కేస్తారని మేం కళ్లు మూసుకున్నాం. తెరిచి చూస్తే, చుట్టూ ఉన్నవాళ్లు చేతులడ్డం పెట్టి, వాణ్ణి చంకల కింద పట్టి లేపి, చొక్కా దులిపి, మళ్లీ ఢీకొడుతున్నారు.

"చూశావా, లేపి మరీ కొడుతున్నారు!" అన్నాడు ప్రెసిడెంటు.

బాబాయి వినడంలేదు. కుర్చీమీద ఎవరో కుర్రాడు వదిలిన జీన్సు జాకెట్టు చేతిలోకి తీసుకున్నాడు. దాని భుజం దగ్గర చిరుగు ఉంది. మా వాళ్లకి చిరుగు కనిపిస్తే చెయ్యి ఆగదు.

"పాపం, కుట్టించే దిక్కులేని పిల్లాడు. లోపల అతుకు వేస్తే సరి."

"అతుకా? అది దారంతో అల్లి పూడ్చాలయ్యా!" అన్నాడు ప్రెసిడెంటు.

"కోట్లు కుట్టేవాళ్లకి ఓపిగ్గా చేసే పనేం తెలుసు?"

"నీ కాలర్లు మెడ కోస్తాయని ఊరంతా అంటోంది!"

జాకెట్టుని చెరో చెయ్యీ పట్టుకుని లాగారు. చెయ్యి ఊడి ప్రెసిడెంటు చేతిలోకొచ్చింది. ఆ ఊడిన చేత్తోనే బాబాయి గూబమీద ఒక్కటిచ్చాడు. బాబాయి టేపు తీసి ఆయన మెడ చుట్టూ కొలత తీసుకున్నాడు, బిగించి మరీ.

పాట ఆగిపోయింది.

"తాతగారూ, మా దగ్గర కోపంతో చెయ్యి చేసుకున్నవాళ్లు బయటికి వెళ్లాలి. ఎవరైనా సరే" అంది మనవరాలు మైకులో.

వాళ్లకై వాళ్లు వెళ్లేలోగా పిల్లలు ఇద్దర్నీ తలలమీదికెత్తి, అరచేతులమీదుగా తలుపుదాకా తేల్చుకుంటూ పోయారు. కోటు రెక్కలు చాచుకుని ప్రెసిడెంటు గబ్బిలంలా ఎగిరిపోతూ సీలింగు ఫ్యానుని పలకరించి మరీ వెళ్లాడు. జాకెట్టు కుర్రాడు ఊడిన చెయ్యి చూసుకుని మురిసిపోయాడు. "భలే ఉంది. రెండోదీ పీకేయమనండి!"

వాళ్లిద్దరూ బయట మెట్లమీద కూలబడితే నేనూ వెళ్లి పక్కన కూర్చున్నాను. మనవరాలు నీళ్ల గ్లాసుతో వచ్చింది. మొహం పాలిపోయింది.

"దెబ్బ తగిలిందాండీ? గొడవ జరిగింది కదా... ఇంక హాలు ఇవ్వరు."

"ఇచ్చేదే లేదు! రేపే సంఘంలో చెబుతాను, గొడవ జరిగిందని!" అన్నాడు ప్రెసిడెంటు.

"ఎవరు చేశారని చెబుతారు?" అన్నాను.



"మా పేరే చెప్పండి. మా కచేరీలో జరిగింది, తప్పు మాదే" అంది ఆ పిచ్చిపిల్ల.

ప్రెసిడెంటు గ్లాసెడు నీళ్లూ తాగాడు. కోటు సర్దుకున్నాడు. "గొడవేమిటమ్మా? నాకేం కనిపించలేదే! ఏం బాబాయ్, నువ్వేమన్నా చూశావా?"

"నాకు ఈ చెవి వినపడటంలేదు" అన్నాడు బాబాయి.

"చూశావా అంటున్నాను!"

"కన్నూ అంతే."

ఆ వారమే సంఘం తీర్మానించింది. ఇకనుంచి ప్రతి ఆదివారం హాలు పిల్లలదే. ఒక్కటే షరతు: హాల్లో శాంతిభద్రతల దృష్ట్యా సంఘం పెద్దల్ని లోపలికి రానివ్వకూడదు. అది రాయించింది ప్రెసిడెంటే.

అందుకని నేను మెట్లమీద కూర్చుని వింటున్నాను. పక్కనే ప్రెసిడెంటు కూడా ఉంటాడు, కాపలాకట. డ్రమ్ములు మొదలవగానే ఆయన కాలు తాళం వేస్తుంటుంది. ఎవరితోనూ అనకండి. అడిగితే, ఆ కాలు తనది కాదంటాడు.