ఆ కేక ఎవరిది?

వీడియో చూసి ఊరుకోవచ్చు కదా, దాని కింద ఊళ్ళో వాళ్ళంతా రాసినవి కూడా చదవాలా? దయామణి చదివేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక కోడలు షాలోమి ఆరిన బట్టలు ముందేసుకుని కూర్చుంటే, అత్తగారు కళ్ళజోడు తుడుచుకుని ఫోను పట్టుకునేది. మంచం కింద గడ్డిలో మాగేసిన చిన్నరసాల మామిడిపళ్ళు ఇల్లంతా ఘుమఘుమలాడుతున్నా ఆవిడ ముక్కుకి పట్టేది కాదు.

అది ఒక డాక్యుమెంటరీ. బెజవాడ కుర్రాళ్ళెవరో తీసి యూట్యూబులో పెట్టారు. నలభై ఏళ్ళ కిందట, నూజివీడు పక్కన ఒక మామిడితోట షెడ్డులో నలుగురు కుర్రాళ్ళు చేసిన ‘ఎర్రమట్టి’ అనే కేసెట్టు కథ. ‘మెట్ట బాయ్స్’ అని పేరు పెట్టుకుని, ఏసుప్రభువు గుడిలో ఆదివారం పాటల కోసం నేర్చుకున్న గిటార్లతో తెలుగులో రాక్ సంగీతం చేసేశారు వాళ్ళు. అప్పట్లో విన్నవాళ్ళు తక్కువ, తిట్టినవాళ్ళు ఎక్కువ. ఇప్పుడేమో ఎక్కడెక్కడి పిల్లలో దాన్ని వెతికి పట్టుకుని క్లాసిక్ అంటున్నారు. ఏం చేస్తాం, కొందరికి పేరు అలా ఆలస్యంగానే వస్తుంది.

కామెంట్లు చూడాలి మీరు! “ఆ డ్రమ్స్ ఏంటి బ్రో, రేకు డబ్బా కొట్టినట్టున్నాయి, అయినా పిచ్చెక్కిపోయింది” అని ఒకడు. “తోటని పైనుంచి ఎన్నిసార్లు చూపిస్తారండీ, విషయానికి రండి” అని ఇంకొకాయన. పాపం, ఆయన మాటా నిజమే. “మా నాన్న దగ్గర ఈ కేసెట్టు ఉంది, ఈ వీడియో చూసి ఏడ్చేశాడు” అని ఉంగుటూరు అమ్మాయి. రాక్ అంటే ఇంగ్లీషులోనే ఉండాలని ఒక మహానుభావుడు రాస్తే, నీ మొహంలే అని వాడి మీద పడ్డవాళ్ళు బోలెడు మంది.

ఎవరు ఏం రాసినా చివరికి అందరూ ఒక్కచోటికే వచ్చేవాళ్ళు. మొదటి పాట గిటారుతో మొదలవదు. ఒక ఆడపిల్ల కేకతో మొదలవుతుంది. “హోఓఓ...” అని ఎక్కడో చెట్ల వెనక నుంచి లేచి, పైకి పోయి, అక్కడే కాసేపు నిలబడి, మెల్లిగా జారుతుంది. అది జారేచోట గిటారు అందుకుని, అదే స్వరంతో బదులు చెబుతుంది. మాటలేం లేవు. అయినా అక్కడ ఒళ్ళు జలదరించనివాడు లేడు. ఎవరిదీ గొంతు? మద్రాసు గాయని ఎవరో అయ్యుంటుందని కొందరు, కీబోర్డులో చేసిన మాయ అని కొందరు. మైలవరం ఆయనెవరో, “మా అమ్మ తోటలో చిలకల్ని తోలేటప్పుడు అచ్చం ఇలాగే కేకేసేది” అని రాశాడు. అది చదివిన రోజు దయామణికి గుండె ఆగినంత పనైంది.

ఎందుకంటే ఆ కేక ఆవిడదే.

ఈ సంగతి కొడుక్కి తెలియదు, కోడలికి తెలియదు, పోయిన మొగుడికీ తెలియదు. లోకం మొత్తం మీద తెలిసిన మనిషి ఒక్కడే, జయకర్. గిటారు వాయించినవాడు. డాక్యుమెంటరీలో జుట్టంతా నెరిసి, నీలగిరి కొండల్లో ఏదో ఇంటి వరండాలో కూర్చుని కనిపిస్తాడు. ప్రశ్నలడిగే అమ్మాయి అతణ్ణి కూడా అడుగుతుంది, “ఆ కేక ఎవరిదండీ?” అని. జయకర్ తలొంచుకుని, “తెలియదండీ” అంటాడు.

ఆ మాట చెవిన పడగానే దయామణి ఫోను బోర్లా పెట్టేసేది. ప్రతిసారీ అంతే, ఆ మాట దాటి ఒక్క క్షణం కూడా చూసేది కాదు. “తెలియదట! ఎంత ఒద్దికగా చెప్పాడో చూడు” అని లోపల్లోపల రగిలిపోయేది. అలాగని మర్నాడు చూడకుండా ఉండగలిగేదా అంటే, లేదు. పేరు వద్దు, పొగడ్తలు వద్దు. తను గుర్తున్నదా లేదా, అంతే, అదొక్కటి తెలిస్తే చాలు ఆవిడకి. జీవితమంతా దాచుకున్నది అవతలివాడికి చిల్లిగవ్వ పాటి కూడా చెయ్యలేదంటే, ఏ మనిషికైనా కడుపు రగలదా చెప్పండి!

అసలు జరిగింది ఇది. ఆ మామిడితోట శ్రీమన్నారాయణ గారిది, దయామణి నాన్న దానికి కాపలా ఉండేవాడు. కాపు దిగే రోజుల్లో ఇంటిల్లిపాదీ తోటలోనే పాక వేసుకుని ఉండేవాళ్ళు. శ్రీమన్నారాయణ గారు మనిషి కాస్త సరదాగలవాడు. కాయలు సర్దే షెడ్డు వాడుకోండర్రా అని ఈ కుర్రాళ్ళకి ఇచ్చాడు. గోడల వెంబడి గడ్డి పరిచి ఉంటే మోత తగ్గుతుందని వాళ్ళు సంబరపడ్డారు. బెజవాడ నుంచి టేపు మిషను అద్దెకి తెచ్చారు. చిక్కల్లా కరెంటుతోనే. తోటల్లో మోటార్లకి ఇచ్చే వేళలోనే కరెంటు ఉండేది, అది పోయేలోపు పాట అయిపోవాలి. అందుకని తోటలో ఎవరూ చప్పుడు చెయ్యకూడదని కట్టడి. రేకు డబ్బాలు కొట్టకూడదు, కేకలు వెయ్యకూడదు.

ఆ మాట మనుషులకి చెప్పారు సరే, చిలకలకి ఎవరు చెప్తారు? దయామణి మంచె మీద నోరు నొక్కుకుని కూర్చుంది. కళ్ళముందే పచ్చటి గుంపు వచ్చి రసాల చెట్టు మీద వాలింది. ఒక్కో కాయనీ ఒక్కో ముద్దు పెట్టి పారేస్తుంటే, రేపు నాన్న ఏం సమాధానం చెప్పుకుంటాడు? ఇక ఆగలేక లేచి నిలబడి, గొంతెత్తి కేకేసింది. షెడ్డులో టేపు తిరుగుతూనే ఉంది.

పాట పాడే ప్రభాకరరావు నెత్తి కొట్టుకున్నాడు. డ్రమ్స్ కొట్టే జోజిబాబు పుల్లలు విసిరేశాడు. జయకర్ మాత్రం తల తిప్పి తోటలోకి చూసి, ఆ కేక ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి గిటారు అందుకున్నాడు. మిగతావాళ్ళు నోళ్ళు తెరుచుకుని, వెనకే వాయించారు. పాట అయిపోయింది, కరెంటూ పోయింది. మిషను అద్దె గడువూ తీరింది, మళ్ళీ చెయ్యడానికి వీల్లేదు.

సాయంత్రం జయకర్ మంచె ఎక్కి వచ్చి పక్కన కూర్చున్నాడు. “దయా, ఆ కేక అలాగే ఉంచుతాం. నీ పేరు కూడా వేస్తాం” అన్నాడు.

“అమ్మో, వద్దు! వచ్చే ఆదివారం చింతలపూడి నుంచి నన్ను చూసుకోవడానికి వస్తున్నారు. కుర్రాళ్ళ కేసెట్లో ఆడపిల్ల అరిచిందని తెలిస్తే మా అమ్మ నన్ను బతకనిస్తుందా? మీ వాళ్ళకి కూడా ఎవరో కూలిమనిషి అని చెప్పు.”

“సరేలే, చెప్పను.”

“అలా కాదు. ఒట్టెయ్యి.”

జయకర్ పాస్టరు గారి అబ్బాయి. ఊరంతా అయ్యగారి అబ్బాయి అని పిలిచే పిల్లవాడు. ఒట్లు పెట్టుకోకూడదని వాళ్ళ నాన్న వారం వారం పీఠం మీద నుంచి చెబుతుంటే వింటూ పెరిగినవాడు. “మనం ఒట్టు వెయ్యకూడదు దయా, అవునంటే అవునే” అన్నాడు. ఆ పిల్ల వింటేగా! అతని చెయ్యి పట్టి లాగి తన నెత్తి మీద పెట్టుకుంది. “నా పేరు ఎవరికి చెప్పినా నేను చచ్చినంత ఒట్టు” అంది. జయకర్ మొహం పాలిపోయింది. చెయ్యి తీసెయ్యలేదు. ఒట్టుకి అంతసేపు అక్కర్లేదు, అది ఇద్దరికీ తెలుసు. కిందనుంచి నాన్న పిలిచేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంది.

ఆదివారం చింతలపూడి వాళ్ళు వచ్చారు, సంబంధం ఖాయం చేసుకున్నారు. జయకర్ టేపు పట్టుకుని మద్రాసు వెళ్ళాడు. మళ్ళీ కలవలేదు.

మొగుడు కిషోర్ బాబు బంగారంలాంటి మనిషి. ఎక్కడ కొన్నాడో ఏమో, పెళ్ళైన కొత్తలో ఆ కేసెట్టే ఇంటికి తెచ్చాడు. ఆ కేక దగ్గర సౌండు పెంచి, “ఎవరో గానీ దయా, గుండెలోంచి పిలిచింది చూడు” అనేవాడు. దయామణి చారు కలుపుతూ, “చిలకల్ని తోలుతున్నట్టుందండీ” అనేది. ఆయన పకపకా నవ్వేవాడు. ఒక్కసారి, నేనేనండీ అని చెప్పుంటే ఎంత మురిసిపోయేవాడో! ఇవాళా రేపా అనుకుంటుండగానే ఆయన కాలం అయిపోయింది.

ఇదిగో, ఇప్పుడు ఈ డాక్యుమెంటరీ.

ఆ రోజు మధ్యాహ్నం దయామణికి కళ్ళు మండుతుంటే షాలోమిని చదవమంది. షాలోమి చదువుతూ చదువుతూ కిసుక్కున నవ్వింది.

“ఏంటే?”

“ఆ గిటారు తాతగారి మీద జోకులత్తయ్యా. ‘తెలియదండీ అన్నాక ఆ అంకుల్ గాల్లో చెయ్యి పెట్టి ఏం చేస్తున్నాడు, వానొస్తుందేమో చూస్తున్నాడా’ అని రాశాడు ఒకడు. ఇంకొకడేమో, ‘కనిపించని కుక్కపిల్లని నిమురుతున్నాడు’ అంట.”

దయామణి చేతిలో విసనకర్ర ఆగిపోయింది. “ఏ చెయ్యి? ఎక్కడ? అది పెట్టు, చూపించు.”

షాలోమి పెట్టింది. వరండా, నెరిసిన జుట్టు, అదే ప్రశ్న. “తెలియదండీ” అన్నాడు జయకర్. దయామణి చెయ్యి అలవాటుగా ఫోను మీదికి వెళ్ళింది గానీ, ఈసారి బిగపట్టుకుని చూసింది. జయకర్ కుడిచెయ్యి మెల్లిగా లేచింది. అరచెయ్యి కిందికి తిప్పి, పక్కన కూర్చున్న మనిషి నెత్తి ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో, గాల్లో ఆపాడు. పక్కన ఎవరూ లేరు. ప్రశ్నలడిగే అమ్మాయి ఇంకేదో అడుగుతోంది. అతను వినడం లేదు. ఆ చెయ్యి అలాగే ఉంది. ఒట్టుకి అంతసేపు అక్కర్లేదు.

“ఓరి నీ అమ్మ కడుపు చల్లగుండా! మర్చిపోలేదు” అంది దయామణి. అని, పైటచెంగు నోట్లో కుక్కుకుని భోరుమంది.

షాలోమి హడలిపోయింది. “అత్తయ్యా! ఏమైంది? నీళ్ళు తేనా?” అని పక్కన కూలబడింది. అప్పుడు చెప్పింది దయామణి. మంచె, చిలకలు, కరెంటు, చింతలపూడి సంబంధం, నెత్తి మీద చెయ్యి, ఏదీ దాచలేదు. ఇన్నాళ్ళూ గుండెల మీద మోసినదాన్ని కోడలి ఒళ్ళో దించేసింది.

షాలోమి గాల్లో ఆగిన ఆ చెయ్యిని ఇంకోసారి పెట్టి చూసింది. తర్వాత నెమ్మదిగా అంది. “అయితే అత్తయ్యా, చెబితే మీరు చచ్చిపోతారని ఆయన ఇంకా భయపడుతున్నాడా?”

కోపంలో పడి ఆ మాటే మర్చిపోయింది ఆవిడ. నేను చచ్చినంత ఒట్టు అన్నది తనే. పిల్లలాటలో ఏదో అనేసి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. ఒట్టు వేయించినవాళ్ళే దాన్ని తీసి గట్టున పెట్టాలని బళ్ళో చదివే పిల్లలకి కూడా తెలుసు. తను తియ్యలేదు. ఆ పిచ్చివాడు నలభై ఏళ్ళు దాన్ని మోస్తూ, లోకమంతా అడిగినా తెలియదండీ అంటూ కూర్చున్నాడు.

“ఫోనివ్వు” అంది.

“మీ పేరుతోనే పెడతారా అత్తయ్యా? మన గుడిలో వాళ్ళంతా చూస్తున్నారు దీన్ని. సుసన్నా పిన్నిగారి సంగతి తెలుసుగా, సాయంత్రానికి నూజివీడంతా చాటింపు వేస్తారు.”

“వెయ్యనీ. ఇంకా నాకు ఏ చింతలపూడి సంబంధం రావాలే?”

ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, తప్పు పడితే చెరుపుకుంటూ, చెమటలు కక్కుతూ రాసింది. “జయకర్ గారూ, మంచె మీద వేయించుకున్న ఒట్టు తీసి గట్టున పెట్టేశాను. ఇక మీరు చెప్పొచ్చు. దయామణి.” కళ్ళు మూసుకుని పంపేసింది.

కింద ఇక చూస్కోండి! ఎవరీవిడ అని ఒకడు, ఒట్టేంటి గట్టేంటి అని ఒకడు, “పబ్లిసిటీ కోసం ఎవరైనా ఏదైనా రాస్తారు” అని మరొకడు. వాడి నోట్లో మన్ను పడ, షాలోమి వాడితో పెద్ద యుద్ధమే చేసింది. సుసన్నా ఇంటికొచ్చి మరీ, “వందనాలొదినా, అది నువ్వేనా?” అని గుచ్చి గుచ్చి అడిగి వెళ్ళింది. దయామణికి అవేవీ ఎక్కలేదు. ఫోను మోగినప్పుడల్లా ఉలిక్కిపడేది. చూశాడో లేదో, అసలు చదువుతాడో లేదో. అన్నం సహించలేదు. మంచం కింద రసాలు మాగిపోయి రసం కారుతున్నా పట్టించుకోలేదు.

ఆదివారం ఆరాధన అయ్యి ఇంటికొస్తుంటే, ముందు నడుస్తున్న షాలోమి దారిలోనే ఆగిపోయింది. “అత్తయ్యా!” అని ఫోను చాచింది.

జయకర్ పేరు. కింద ఒకే ఒక్క వాక్యం.

“బతికే ఉన్నావా దయా?”

మిట్టమధ్యాహ్నం ఎండలో, వచ్చేపోయే ట్రాక్టర్లు కాయల లోడుతో దుమ్ము లేపుతుంటే, దయామణి ఆ మాటని మళ్ళీ మళ్ళీ చదువుకుంది. తను ఉందో లేదో తెలియకుండానే, ఉందేమోననే ఆశతో, ఇన్నేళ్ళు నోరు విప్పలేదు అతను. ఆవిడ చెయ్యి తనకి తెలియకుండానే నెత్తి మీదికి వెళ్ళింది. నెరిసిన పాపిటి, ఎండకి కాలుతోంది.

“ఏమని పెట్టమంటారు అత్తయ్యా?” అంది షాలోమి, కళ్ళు తుడుచుకుంటూ.

“ఉన్నానని పెట్టు” అంది దయామణి. అంతలోనే ఫోను లాక్కుంది. “ఉండవే, నేను పెడతాను.”