ముప్పై ఒకటో తారీఖు

మే ముప్పై ఒకటో తారీఖున భద్రమ్మ చనిపోయింది. ఎట్లా చనిపోయిందో ఎర్రగుంట కాలనీ అంతా చూసింది. నేనూ చూశాను.

బత్తలపల్లె దాటాక రోడ్డు పక్కనే మా కాలనీ. వేసిన మూడు బోర్లలోనూ దుమ్మే వచ్చింది. రోజుకొక ట్యాంకరు వస్తేనే గొంతు తడుస్తుంది. ఆ పొద్దు ట్యాంకరు వచ్చింది గానీ ఆగలేదు. మూత సందుల్లోంచి నీళ్లు చిమ్ముకుంటూ ట్యాంకరు కాంట్రాక్టరు శ్రీకాంత్ చీనీ, అదే బత్తాయి, తోటకు పోయింది.

"నిలబెట్టప్పా! ఇంట్లో చుక్క ల్యాదు!" అంటూ డెబ్బై ఏళ్ల భద్రమ్మ బిందెతో వెనకాల పరుగెత్తింది. ఎండలో కూలిపోయింది. ఆసుపత్రికి చేర్చేసరికి ప్రాణం లేదు. వడదెబ్బ అని రాసుకున్నారు.

మర్నాడు బడి వరండాలో అందరం కూడినాం. ట్యాంకరు డ్రైవరు ఇమాంసాబ్‌ది కూడా మా కాలనీయే. తల వంచుకుని చెప్పాడు. "కాలనీకి నెలకు ముప్పై ట్రిప్పులే అన్నారు శ్రీకాంత్ సారు. ముప్పై ఒకటో దినం తోటకు తోలమన్నారు. ఎవరన్నా అడిగితే బండి చెడిందని చెప్పమన్నారు."

అందరి కళ్లూ కేశవ వైపు తిరిగాయి. రెండేళ్ల కింద ఆరు రోజులు నిరాహార దీక్ష చేసి ట్యాంకరు తెచ్చిన మా నాయకుడు. మేం భుజాల మీద ఊరేగించినవాడు.

"నెలంటే ముప్పై దినాలు గదా" అన్నాడు కేశవ. "అది సూర్యుడూ చంద్రుడూ పెట్టిన లెక్క. ఒక్క దినం సర్దుకుందాం."

ఇమాంసాబ్ కూతురు నాజ్‌నీన్ లేచింది. డిగ్రీ చదువుతోంది. "వాళ్లు పెట్టల్యాదన్నా. అమావాస్య నుంచి అమావాస్యకు ఇరవై తొమ్మిదిన్నర దినాలు. అట్లా పన్నెండు తిరిగినా సంవత్సరం నిండదు, పదకొండు దినాలు మిగుల్తాయి. మన పెద్దోళ్లు ఆ మిగులుకు అధికమాసం పెట్టుకున్నారు. రోమ్‌లో ఏలినోళ్లు సరిసంఖ్య కీడని నెలకు ఇరవై తొమ్మిదో, ముప్పై ఒకటో ఇచ్చినారు. ఫిబ్రవరికి ఇరవై ఎనిమిదే మిగిలె. తర్వాత ఇంకొకాయన పది దినాలు తెచ్చి ఏడు నెలలకు పంచినాడు. నెల పొడుగూ పొట్టీ అధికారంలో ఉండేటోళ్లు చేసిందే."

"ఆ రాజులు నాకెరుక ల్యాదు గానీ" అంది భద్రమ్మ పక్కింటి ఓబమ్మ, "ముప్పై ఒకటో దినం దప్పిక అయితాదా, కాదా?"

నాజ్‌నీన్ మళ్లీ కేశవ వైపు తిరిగింది.

"ఫిబ్రవరిలో ఇరవై ఎనిమిదే వచ్చినాయి" అంది నాజ్‌నీన్. "తక్కిన రెండు ట్రిప్పులు యాడికి పోయినాయన్నా?"

జవాబు వెనక నుంచి వచ్చింది. "తోటకే. నేనే తోలినా" అన్నాడు ఇమాంసాబ్.

ట్రిప్పుల లెక్క రాసిన కాగితం చూపించమని అందరం శ్రీకాంత్ ఇంటి ముందుకు పోయినాం. అతను కోప్పడలేదు. లోపలికి పోయి ఒప్పందం తెచ్చి నాజ్‌నీన్ చేతికిచ్చాడు. "నన్నేం అడుగుతారు? మీ నాయకుడు ఒప్పుకున్నదే గదా."

'నెలకు ముప్పై ట్రిప్పులు. కాలనీకి సమ్మతమే.' కింద కేశవ సంతకం. దీక్ష విరమించిన రోజు తారీఖే వేసి ఉంది. మేం పూలదండలు వేసే ముందే మమ్మల్ని అప్పగించేశాడు.

కేశవ భార్య ప్రసూన ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. తర్వాత అందరి ఎదుటే మొగుడి వైపు తిరిగింది.

"ముప్పై ఒకటో తారీఖుల్లో మనింట్లో డ్రమ్ము నిండుగా ఉండె. బత్తలపల్లెలో కొన్నానంటివి."

"ట్యాంకరన్నా రావల్లంటే ఏదో ఒకటి ఒప్పుకోవల్ల గదమ్మే! తక్కిన దినాలన్నీ తాగినారు గదా!"

"భద్రమ్మ తాగల్యా" అంది ప్రసూన. ఆ రోజే పుట్టింటి ట్రంకుపెట్టె తీసుకుని ఓబమ్మ ఇంటికి వచ్చేసింది.

జూన్ అంతా తిరిగాం. అర్జీలిచ్చాం. ఒప్పందంలో ఏముంటే అదే అన్నారు అధికారులు.

జూలై ముప్పై ఒకటిన కాలనీ మొత్తం రోడ్డు మీద కూర్చుంది. తోటకు పోయే ట్యాంకరు మా ఎదుట ఆగింది. హారన్ మోగలేదు. ఇమాంసాబ్ ఇంజను ఆపి దిగి కూతురి పక్కన చతికిలబడ్డాడు. "రెండేండ్లు తోలినా తల్లీ. ఇంక నాతో కాదు." ఓబమ్మ లేచి గొట్టం విప్పింది. ఆ తారీఖున మా బిందెల్లో ట్యాంకరు నీళ్లు పడటం అదే మొదటిసారి.

సగం బిందెలు నిండాక పోలీసు జీపు వచ్చింది. ముందు సీట్లోంచి కేశవ దిగాడు.

"ఒక్క దినం కోసం కేసులు పెట్టించుకుంటారా? లేయండప్పా" అని బతిమాలాడు.

ఒక్కరూ లేవలేదు. ప్రసూననూ, నాజ్‌నీన్‌నూ, ఇమాంసాబ్‌నూ ఈడ్చి జీపెక్కించారు. దారివ్వమని ఎస్సై మా మీదికి లాఠీ ఎత్తాడు. ప్రసూన మొగుడి వైపు చూడనైనా చూడలేదు. జీపు వెనక కమ్మీ పట్టుకుని అరిచింది:

"ఓబక్కా! ఈ నెలతో అయిపోల్యా! ఆగస్టుకూ ముప్పై ఒకటి ఉండాది!"

"ఉండాది!" అంది రోడ్డంతా.

జీపు వెనక్కి తిప్పుకుని వేరే దారిన పోయింది. మేం అక్కడే కూర్చున్నాం.