డేటా చెరపాల్సిన కుర్చీ

ఆ డేటా సెంటర్లో ప్రతి యంత్రానికీ ఒక స్టిక్కరు ఉంటుంది. దాని మీది నంబరు కంప్యూటర్లో కొడితే ఆ యంత్రం పుట్టుపూర్వోత్తరాలన్నీ వస్తాయి. అవి చూసుకునే ఆవిడని అందరూ స్టిక్కరమ్మ అనేవాళ్లు. చేరి మూడు నెలలే అయినా, రెండు వేల పైచిలుకు సర్వర్లలో ఏది ఏ వరసలో ఎన్నో అరలో ఉందో నిద్రలో లేపి అడిగినా చెప్పేది.

ఒక సోమవారం పొద్దున ఆవిడ వచ్చేసరికి వాచ్‌మన్ బాబాయ్ సర్వర్ల గది తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"కుర్చీ కాలు విరిగిందమ్మాయ్. కొత్తదానికి రాసిపెట్టు."

"దానిదేముంది బాబాయ్, ఫర్నిచర్ వాళ్లకి ఒక్క ముక్క రాస్తే సరి," అంటూ ఆవిడ కుర్చీని తిరగేసింది. అడుగున స్టిక్కరు. నంబరు కొట్టి చూస్తే, 'సర్వర్. పనిచేస్తోంది' అని వచ్చింది.

"ఇది ఎవరు అంటించారు?"

"నీకు ముందు ఉన్నాయన. ఒక స్టిక్కరు మిగిలిపోయి లెక్క తేలక, గంటసేపు జుట్టు పీక్కున్నాడు. చివరికి నన్ను ఒక్క నిమిషం లేవమన్నాడు. ఇది జరిగి నాలుగేళ్లు. ఏటా తనిఖీకి వచ్చినవాళ్లకి అన్నిటికంటే ముందు దొరికేది ఇదే."

సర్వర్లతో మాకేం సంబంధం అన్నారు ఫర్నిచర్ వాళ్లు. ఆవిడ మూడో అంతస్తులో ఉండే మేనేజరుకి ఫోన్ చేసింది.

"సర్వర్ తీసెయ్యాలంటే ఫారం ఉంటుంది, నింపండి," అన్నాడాయన.

"అది కుర్చీ సార్. నా కళ్లెదురుగానే ఉంది."

"ఉండొచ్చు. మీ కళ్లని ఆడిట్ వాళ్లు ఒప్పుకోరు కదమ్మా."

ఆవిడకి అబద్ధం రాయడం చేతకాదు. బాబాయిని పక్కన నిలబెట్టుకుని ఫారం నింపింది. ఎంతమంది వాడుతున్నారు? ఒకరు. రోజుకి ఎన్ని గంటలు? ఎనిమిది. ఆపేస్తే దేనికి ఇబ్బంది?

"నా నడుముకి," అన్నాడు బాబాయ్. అదే రాసింది.

ఫారం మీద నాలుగు సంతకాలు పడ్డాయి. ఒక్కరూ చదివినట్టు లేదు. నాలుగో రోజున, పాత సర్వర్లలో డేటా చెరిపే మెకానిక్కు రెండు బస్సులు మారి దిగాడు. చేతిలో సూట్‌కేసంత యంత్రం.

"మీ సర్వర్ ఎక్కడండీ?" అన్నాడు.

స్టిక్కరమ్మ సిగ్గుతో చచ్చిపోతూ కుర్చీ చూపించింది. అతను దాని చుట్టూ ఒకసారి తిరిగి, వంగి నంబరు సరిచూసుకున్నాడు. నంబరు కలిసింది. అలవాటు కొద్దీ అడిగాడు.

"ఇందులో డిస్కు ఉందా?"

"డిస్కు నాకుంది బాబూ," అన్నాడు బాబాయ్, నడుం పట్టుకుని. "అది కూడా పక్కకి జరిగింది."

మెకానిక్కు నవ్వలేదు. యంత్రం పక్కన పెట్టి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. తిట్లు పడతాయని ఆవిడ సిద్ధపడింది. అతను మాత్రం విరిగిన కాలుని వేళ్లతో తడిమి చూశాడు.

"మంచి చెక్క. మా నాన్న వడ్రంగి," అన్నాడు.

సంచీలోంచి స్క్రూలు, జిగురు తీసి అరగంట కూర్చున్నాడు. చీలిన చోట అతికించి, స్క్రూలు బిగించి, ఇనపపట్టీ ఒకటి వేశాడు. జిగురు ఆరాక బాబాయిని కూర్చోబెట్టి అటూ ఇటూ ఊగమన్నాడు. కుర్చీ కిమ్మనలేదు. ఫారంలో 'డేటా చెరిపాను' వదిలేసి, 'మరమ్మతు చేశాను' దగ్గర టిక్కు పెట్టి, బస్సుకి వేళైందని వెళ్లిపోయాడు.

స్టిక్కరమ్మకి మాత్రం మనసు ఊరుకోలేదు. అంత పెద్ద జాబితాలో ఒక్కటి అబద్ధం. స్టిక్కరు పీకుదామని వంగింది.

"దాని జోలికి పోకమ్మాయ్," అన్నాడు బాబాయ్. "నా నడుం గురించి ఇన్నాళ్లూ అడిగిన నాథుడు లేడు. దీనికి కాలు విరిగితే మనిషి రెండు బస్సులు మారి వచ్చాడు."

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. తర్వాత తన బల్ల దగ్గరికి వెళ్లి ఆ నంబరు తెరిచింది. 'సర్వర్' అన్న మాటని మార్చే అధికారం ఆవిడకి లేదు. పక్కన 'రిమార్కులు' అని ఒక గడి ఖాళీగా ఉంది. అందులో, 'చెక్కది. ఒకరే కూర్చోవచ్చు' అని రాసింది. రాశాక ప్రాణం కుదుటపడింది.