సోమవారం దాకా గడువు

నలభై ఒకటో వరసలో పన్నెండో చెట్టు దగ్గర జుల్మీరా ఆగింది. ఆకులు బాగానే ఉన్నాయి. కాడలు బాగానే ఉన్నాయి. అయినా ఆ చెట్టు ఆమెకు నచ్చలేదు. టోపీ అంచుకు గుచ్చుకున్న పిన్నీసు తీసి, పిడికెడంత పచ్చికాయ ఒకదాన్ని పొడిచింది. బొప్పాయి పాలు చిక్కగా, తెల్లగా, బొట్టు బొట్టుగా నిలబడి రావాలి. వచ్చింది బియ్యం కడిగిన నీళ్ళలాంటి పల్చటి రసం. కాయ మీద నుంచి జారి ఆమె మణికట్టు మీద పడింది.

"మొన్న శుక్రవారమేగా నిన్ను చూసింది? అప్పుడే చెప్పి చావొచ్చుగా," అని చెట్టును కసిరింది. నడుముకున్న కత్తి తీసి రెండు దెబ్బలు వేసింది. బొప్పాయి మాను లోపల గుల్ల, ముల్లంగి తెగినంత తేలిగ్గా తెగుతుంది. ముప్ఫై కాయలతో ఉన్న చెట్టు పక్క వరస మీదికి ఒరిగిపోయింది.

ఇరవై ఆరేళ్ళుగా ఆమె పని ఇదే. వారానికి రెండుసార్లు తోటలో ప్రతి వరసా నడవాలి, ప్రతి చెట్టునూ తలెత్తి చూడాలి, వైరస్ పట్టినదాన్ని పట్టినచోటే నరకాలి. ఈ జబ్బులకు మందు లేదు. ఒకటి ఆకుల్ని పసుపూ ఆకుపచ్చా మచ్చలతో ముడిచేసి, కాయల మీద తడి గ్లాసు పెట్టి తీసినట్టు ఉంగరాలు వేస్తుంది. రెండోది పాలను నీళ్ళు చేసి, కాయంతా జిగటగా మార్చేస్తుంది. రెండూ చిన్న పురుగుల మూతులు పట్టుకుని ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పోతాయి. ఒక్క చెట్టును వదిలేస్తే నెల తిరిగేసరికి వరస పోతుంది, కాపు ముగిసేలోగా తోట పోతుంది. జుల్మీరాకు యాభై ఏడేళ్ళు. మనిషి సన్నంగా, పొడుగ్గా, ఎప్పుడూ పైకి చూసి చూసి మెడ కాస్త వెనక్కి వాలిపోయి ఉంటుంది. ఎవరితోనో పేచీ పెట్టుకోబోతున్నట్టు కనిపిస్తుంది. చాలాసార్లు అది నిజమే.

మొగుడు మిరియాల తోటల్లో పనికని ఉత్తరానికి పోయి అక్కడే ఇంకో కాపురం పెట్టాడు. అది తలుచుకుని ఆమె ఏడ్చిన రోజులు తక్కువ, తిట్టుకున్న రోజులు ఎక్కువ. చుట్టుపక్కల ఊళ్ళలో ఆమెను నరుకుడమ్మ అంటారు. ఆమె వీధిలోకి వస్తుంటే పెరట్లో బొప్పాయి చెట్టున్నవాళ్ళు తలుపులు మూసుకుంటారు.

పదకొండు గంటలకు భోజనానికి వెళ్తూ ఆఫీసు గదిలో హాజరు యంత్రం మీద వేలు పెట్టింది. మళ్ళీ ప్రయత్నించండి, అంది యంత్రం. చూపుడు వేలు పెట్టింది, బొటనవేలు పెట్టింది, లంగాకు తుడుచుకుని ఎడమచేతి వేళ్ళన్నీ పెట్టింది. బొప్పాయి పాలు మాంసాన్నే మెత్తబరుస్తాయి. ఇరవై ఆరేళ్ళు ఆ పాలలో నానిన వేళ్ళు గాజుముక్కల్లా నున్నగా అయిపోయాయి. గీతలంటూ ఉంటే కదా యంత్రం గుర్తుపట్టడానికి. తోట పర్యవేక్షకుడు వాండర్సన్ లేచి వచ్చి, ఎప్పట్లాగే ఆమె పేరు చేత్తో రాసుకున్నాడు. ఇరవై ఆరేళ్ళ కుర్రాడు. ఆమె పనిలో చేరిన ఏడు పుట్టానని అతను సరదాగా చెప్పినప్పుడల్లా ఆమెకు ఒళ్ళు మండుతుంది.

సోమవారం తనిఖీవాళ్ళు వస్తున్నారని అతను చెప్పాడు. విదేశాలకు కాయ పంపాలంటే తోటే కాదు, తోట పక్కన పెరళ్ళు కూడా శుభ్రంగా ఉండాలి. అడవి అంచున ఆ లారీ పెద్దాయన ఇంట్లో జబ్బు పట్టిన మూడు చెట్లు ఇంకా అలాగే ఉన్నాయట కదా, అన్నాడు. చట్టం మన వైపే ఉంది పిన్నీ, మీరు వెళ్ళి నరికేసి రావచ్చు, అన్నాడు. చట్టం చేసినవాళ్ళెవరూ ఆ పెద్దాయన లోరివాల్ ఎదురుగా కూర్చుని కాఫీ తాగలేదని జుల్మీరా మనసులో అనుకుంది. అన్నం, చిక్కుడుగింజలూ గబగబా తినేసి బయల్దేరింది.

లోరివాల్‌కు డెబ్భై ఒకటి. ముప్ఫై అయిదేళ్ళు దుంగల లారీ నడిపాడు. పొట్ట ముందుకు, చేతులు వెనక్కి పెట్టుకుని నడుస్తాడు. భార్య లేదు, పిల్లలు లేరు, ఒక రేడియో ఉంది. మట్టిరోడ్డు చివర అతని ఇల్లు, ఇంటి వెనక అడవి. మూడు వారాల్లో జుల్మీరా నాలుగుసార్లు వచ్చింది, నాలుగుసార్లూ కాఫీ తాగి వెళ్ళిపోయింది.

"వచ్చావా అమ్మాయ్? కాఫీ ఇప్పుడే దిగింది," అన్నాడు.

"కాఫీకి రాలేదు బాబాయ్. నరకడానికొచ్చాను."

"నరుకుదువుగానీ. ముందు తాగు."

పంచదార వేసి మరిగించిన ఆ కాఫీ పాకంలా ఉంటుంది. తిట్టుకుంటూనే తాగింది. అతను తన పాత వాదన మొదలుపెట్టాడు. లారీ సీట్లో కూర్చుని కూర్చుని తన పేగులు మొద్దుబారిపోయాయి, రోజూ పొద్దున్నే బొప్పాయి తినమని డాక్టరే చెప్పాడు, ఈ మూడు చెట్లూ పోతే తన సంగతేమిటి?

"నీ కడుపు కదలడం కోసం పన్నెండు వేల చెట్లు పోవాలా?"

"ఆ పురుగేదో నా చెట్ల మీదే ఉండొచ్చుగా. నేనేం పొమ్మన్నానా?"

"తినే పురుగైతే ఉండేదే," అంది జుల్మీరా. ఈ మాట ఆమె ఎన్ని వందలసార్లు చెప్పిందో ఆమెకే తెలియదు. "ఈ పేనుబంకకి బొప్పాయి నచ్చదు బాబాయ్. వాలుతుంది, మూతి పెట్టి రుచి చూస్తుంది, బాగాలేదని పక్క చెట్టుకి పోతుంది. అక్కడా రుచి చూస్తుంది. కూర్చుని తిన్నా ఇంత నష్టం ఉండేది కాదు."

"రోజూ తింటున్నాను. నాకేం కాలేదే మరి?"

"నువ్వు చెట్టువా? దానికి పట్టేది నీకు పట్టదు." కప్పు కింద పెట్టబోయి ఆగింది. "ఆ వాసనేంటి?"

వెనక పనసచెట్టు కింద కోతి ఒకటి పడి ఉందని, నిన్నటి నుంచీ ఉందని, కుక్క చచ్చిన సంగతి చెప్పినంత మామూలుగా చెప్పాడు లోరివాల్.

జుల్మీరా వెళ్ళి చూసింది. గడ్డపు కోతి, పెద్ద మగది. నోట్లోకి చీమలు బారులు తీరాయి. దెబ్బ లేదు, రక్తం లేదు. ఒక చెయ్యి తల కింద పెట్టుకుని నిద్రపోయినట్టుంది. ఏళ్ళ తరబడి తెల్లవారుజామున ఈ కోతుల అరుపులకే ఆ ఊళ్ళు నిద్రలేచేవి. అడవి మూగబోయి పది రోజులయిందని ఆమెకు అప్పుడు తట్టింది. దోమలు మోసే పచ్చజ్వరం అడవి వెంట నడుచుకుంటూ వస్తోందని రేడియో రోజూ చెబుతోంది. ముందు కోతులు రాలతాయి, తర్వాత మనుషులు. కోతులే జబ్బు తెస్తున్నాయని కిందటి ఆదివారం ఆమె వీధిలో మగాళ్ళు కర్రలు పట్టుకుని బయల్దేరారు. అడవిలో దోమ కుడితే కోతికైనా మనకైనా ఒకటే, అవి చావబట్టేగా మనకి తెలిసింది అని ఆమె దారికి అడ్డంగా నిలబడి గొంతు పోయేదాకా అరిచింది. వినలేదు.

ఆరోగ్యశాఖ అధికారులకు ఫోన్ చేసింది. చాలాసేపు సంగీతం వినిపించి, అడ్రసు అడిగి, మళ్ళీ సంగీతం వినిపించి, ముట్టుకోవద్దు, రేపు వచ్చి నమూనా తీసుకుంటాం అన్నారు. ఫోన్ పెట్టేసి లోరివాల్ వైపు తిరిగింది.

"పచ్చజ్వరం సూది వేయించుకున్నావా?"

ఆరోగ్య కేంద్రం ముందు ఆ వరసలో ఎవడు నిలబడతాడు అన్నాడతను. తన తండ్రి ఈ అడవిలోనే చెట్లు కొట్టి తొంభై ఏళ్ళు బతికాడు, ఒక్క సూదీ పొడిపించుకోలేదు, అన్నాడు. చెట్లకు వైరస్సు, కోతులకు వైరస్సు, నాకూ వైరస్సేనా, నీకు వేరే మాట రాదా అమ్మాయ్, అని నవ్వాడు.

జుల్మీరా మూడు చెట్ల వైపు చూసింది. ముడుచుకున్న ఆకులు, ఉంగరాలు పడ్డ కాయలు. ఈ మూడూ తప్ప, ఇరవై ఆరేళ్ళలో జబ్బు పట్టిన చెట్టును చూసి కూడా వదిలేసిన రోజు ఒక్కటీ లేదు. కత్తి పిడి మీద చెయ్యి వేసింది. మళ్ళీ తీసింది.

"ఇదిగో బాబాయ్, ఒప్పందం. సోమవారం దాకా నీ చెట్లు ముట్టుకోను. నువ్వు ఇప్పుడే నాతో వచ్చి సూది వేయించుకో. సోమవారం పొద్దున నేనొచ్చేసరికి నోరెత్తకూడదు."

అతను చెట్లను చూశాడు, ఆమెను చూశాడు. చొక్కా తొడుక్కున్నాడు.

ఆరోగ్య కేంద్రం ముందు వరస వీధి మలుపు దాటి పోయింది. ఎండలో రెండు గంటలు నిలబడ్డారు. లోరివాల్ వరసలో ముందున్నవాళ్ళకూ వెనకున్నవాళ్ళకూ తన పేగుల కథ చెప్పాడు. మధ్యమధ్యలో మెడ వెనక రుద్దుకున్నాడు. ఎండ దెబ్బ అనుకుంది జుల్మీరా. చివరికి బల్ల దగ్గరికి చేరాక నర్సు వయసు అడిగింది. అరవై దాటినవాళ్ళు ముందు డాక్టరుకు చూపించుకుని కాగితం తేవాలంది, ఈ సూది ముసలివాళ్ళలో కొందరికి పడదంది. డాక్టరు గురువారం వస్తాడంది. ఆ అమ్మాయి తప్పు లేదు. పొద్దున్నుంచీ నిలబడి ఉంది, గొంతు బొంగురుపోయింది. అయినా జుల్మీరా ఆమె మీద అరిచింది, ఈ సంగతి వీధి మలుపులో ఒక కాగితమ్ముక్క మీద రాసి అంటించడానికి ఏం రోగమని. తర్వాత లోరివాల్ మీద అరిచింది, డెబ్భై ఒక్క ఏళ్ళు ఎందుకు వచ్చాయని.

"చూశావా? నాకవసరం లేదని వాళ్ళే అంటున్నారు," అన్నాడతను సంబరంగా.

"గురువారం ఎనిమిదింటికి ఇక్కడుండాలి. నేను ముందొచ్చి వరసలో నిలబడతాను. రాకపోయావో, చెట్లతోపాటు నిన్నూ నరుకుతాను."

వస్తానన్నాడు.

గురువారం ఆమె సగం పూట సెలవు పెట్టి ఏడింటికే వెళ్ళి నిలబడింది. తొమ్మిదయింది, పది అయింది. వెనకున్నవాళ్ళను ఒక్కొక్కర్నే ముందుకు పంపుతూ పదకొండింటి దాకా చూసింది. డాక్టరు వెళ్ళిపోయాడు. లోరివాల్ రాలేదు. వెళ్ళి కనుక్కోవాలని తోచలేదు. తోచిందల్లా తనను మళ్ళీ వెర్రిదాన్ని చేశాడనే. దారి పొడవునా తిట్టుకుంటూ తోటకు పోయింది. శుక్రవారం అడవి వైపు వరసలు చూస్తుంటే కంచె అవతల ఆ మూడు చెట్ల తలలు కనిపించాయి. అటు తిరిగి ఒక్క తిట్టు తిట్టి తన వరసలో పడింది.

సోమవారం కత్తి నూరుకుని మరీ వెళ్ళింది. చెప్పాల్సిన మాటలన్నీ దారిలోనే వరసగా పేర్చుకుంది. మొదటిది, కాఫీ తాగను.

ఇంటి తలుపు తాళం వేసి ఉంది. రేడియో మోగడం లేదు. పిలిచింది. ఎదురింటావిడ చేతులు తుడుచుకుంటూ రోడ్డు దాటి వచ్చింది.

బుధవారం జ్వరం వచ్చిందట. ఒళ్ళు నొప్పులు, తలనొప్పి. ఎవరికీ చెప్పలేదు, గురువారం మంచం దిగలేదు. శుక్రవారం ఆవిడ గంజి కాచి ఇచ్చింది, ఆసుపత్రికి పోదామంటే చెయ్యి ఊపేశాడు. శనివారం పొద్దున జ్వరం తగ్గిపోయింది. తనే లేచి, స్నానం చేసి, రొట్టె తిని, పెరట్లో మధ్యాహ్నం దాకా ఏదో పని చేశాడు. ఇంకొంచెంసేపు పడుకోరాదా అని ఈవిడ అంటే, "సోమవారం పొద్దున్నే ఆ నరుకుడమ్మ గొంతు వినే ఓపిక నాకు లేదు," అన్నాడట. ఆదివారం కళ్ళు పసుపుపచ్చగా తిరిగాయి, చిగుళ్ళ నుంచి రక్తం వచ్చింది. ఆవిడ మొగుడు బండిలో పడుకోబెట్టుకుని పట్నం తీసుకుపోయాడు. ఈ జ్వరంలో మధ్యలో ఒక మంచి రోజు ఉంటుంది, అదే మోసం చేస్తుంది, ముందే ఎందుకు తేలేదని డాక్టర్లు అడిగారట.

"ఇవాళ తెల్లవారుజామున పోయాడు," అంది ఎదురింటావిడ.

దారి పొడవునా నోట్లో పేర్చుకున్న మాటలు ఎక్కడ పెట్టాలో జుల్మీరాకు తెలియలేదు. గురువారం వరసలో నిలబడ్డ ఆ నాలుగు గంటలూ గుర్తొచ్చాయి. అక్కడి నుంచి ఈ తలుపు నడిచి ఇరవై నిమిషాలు.

"ఇంత మొండి మనిషిని నేనెక్కడా చూడలేదు," అంది చివరికి. ఎవరిని అందో ఎదురింటావిడకు అర్థం కాలేదు.

పక్క గేటు తోసుకుని పెరట్లోకి వెళ్ళింది. మూడు చెట్లూ లేవు. తెగినచోట మాను ఒక్క దెబ్బకు తెగినట్టు లేదు, ముందుకూ వెనక్కూ ఎన్నో గంటలు కోసినట్టు మెట్లు మెట్లుగా ఉంది. లారీ మనిషి, అతని ఇంట్లో నరికే కత్తి ఎప్పుడూ లేదు. అధికారులు కోతిని తీసుకుపోయినట్టున్నారు, పనసచెట్టు కింద సున్నం చల్లి ఉంది. అడవిలోంచి ఏ చప్పుడూ లేదు. ఆమె కత్తి నడుమునే ఉండిపోయింది.

వంటింటి గుమ్మం పక్కన, బట్టలుతికే రాతి మీద, రంపపు పళ్ళ రొట్టె కత్తి ఒకటి ఎండలో పడి ఉంది. చెయ్యి జారకుండా దాని పిడికి అతను పాత మేజోడు చుట్టి, గట్టిగా రెండు ముళ్ళు వేసుకున్నాడు.